ఇల్లు కాలినవారి పక్కన: హెన్రీ మార్టిన్ ఇన్‌స్టిట్యూట్

అబిడ్స్‌లో బస్సు దిగి నాంపల్లి స్టేషన్ చుట్టుపక్కల ఒక పూట తిరిగితే చాలు, హైదరాబాద్‌లోని సగం విశ్వాసాల గడపలు కనిపిస్తాయి. ఇటు సెయింట్ జార్జి చర్చి, 1834 నాటి దాని గ్రామర్ స్కూలు. గన్‌ఫౌండ్రీ దగ్గర సెయింట్ జోసెఫ్ కెథెడ్రల్, చాపెల్ రోడ్డులో మెథడిస్టు చర్చి. అటు యూసుఫైన్ దర్గా. మధ్యలో సరోజినీ నాయుడు కుటుంబం ఉన్న గోల్డెన్ త్రెషోల్డ్. ఈ దారుల మధ్యనే చిరాగ్ అలీ లేన్. మన ప్రవాస తెలుగు క్రైస్తవుల్లో చాలామందికి ఆ వీధి తెలుసు గాని, అక్కడ ఏళ్ల తరబడి పనిచేసిన హెన్రీ మార్టిన్ ఇన్‌స్టిట్యూట్ గురించి తెలిసింది తక్కువ. ఈ సంచికలో దాన్ని తలచుకోవడానికి కారణం కాలిఫోర్నియా మంటలు.

ఆ సంస్థ 1930లో లాహోర్‌లో పుట్టింది. ఈస్టిండియా కంపెనీ చాప్లిన్‌గా 1806లో కలకత్తాకు వచ్చి, కొత్త నిబంధనను ఉర్దూలోకి, పారసీలోకి తెచ్చి, 31 ఏళ్లకే కన్నుమూసిన హెన్రీ మార్టిన్ పేరు దానికి పెట్టారు. మొదటి ఉద్దేశం సూటిగానే ఉండేది: ముస్లింల మధ్య సువార్త పనికి వెళ్లే మిషనరీలకు, పాస్టర్లకు ఇస్లాం గురించి పాఠాలు చెప్పడం. దేశ విభజనకు ముందే లాహోర్ వదిలి, ఊళ్లు మారుతూ 1971లో హైదరాబాద్ చేరింది. స్టేషన్ రోడ్డులోని సెయింట్ ల్యూక్స్ కాంపౌండ్, ఆ తర్వాత చిరాగ్ అలీ లేన్ దాని చిరునామాలు.

ఆ వీధికి పేరిచ్చిన మౌల్వీ చిరాగ్ అలీ (1844–1895) నిజాం కొలువులో పెద్ద ఉద్యోగి, పండితుడు. ఇస్లాం సంస్కరణకు లొంగదని రాసిన ఒక ఇంగ్లీషు పాద్రీకి 1883లో ఏకంగా ఒక పుస్తకంతో జవాబు చెప్పినవాడు. క్రైస్తవులకు ఇస్లాం నేర్పే సంస్థ చివరికి ఆయన వీధిలోనే కాపురం పెట్టింది. వాదానికి ప్రతివాదం, పుస్తకానికి పుస్తకం అన్న ఆ పాత పద్ధతిలోనే అరబ్బీ, ఉర్దూ తరగతులతో, గ్రంథాలయంతో, పత్రికతో ఆ పని ఇంకెన్నాళ్లయినా సాగిపోయేదే.

1990 డిసెంబర్ దాన్ని మార్చేసింది. అయోధ్య వివాదం దేశమంతా రాజుకున్న రోజులవి. హైదరాబాద్ మత ఘర్షణల్లో వందమందికి పైగా చనిపోయారు. పాతబస్తీలో కత్తిపోట్లు, ఇళ్లకూ దుకాణాలకూ నిప్పు, రోజుల తరబడి కర్ఫ్యూ. ఆ నెలలోనే ముఖ్యమంత్రి మర్రి చెన్నారెడ్డి రాజీనామా చేశారు. పాతబస్తీకీ ఇన్‌స్టిట్యూట్‌కూ మధ్య దూరం మూసీ మీద ఒక వంతెన. అవతల ఊరు తగలబడుతుంటే ఇవతల మతాల సిద్ధాంతాలు బోధించుకుంటూ కూర్చోవడం ఎలా అన్న ప్రశ్న లోపలివాళ్లకే వచ్చింది. ఇతర పౌర బృందాలతో కలిసి సహాయ పనుల్లోకి దిగారు. ఆండ్రియాస్ డిసౌజా సారథ్యంలో, మతాల మధ్య సయోధ్యే సంస్థకు ముఖ్యమైన పని అయింది.

బియ్యం, దుప్పట్లు పంచి వెనక్కి రావడం చర్చిలకు తెలిసిన పనే. ఇన్‌స్టిట్యూట్ మాత్రం అక్కడే నిలిచింది. హిందువులూ ముస్లింలూ పక్కపక్కన బతికే సుల్తాన్‌షాహీలో ‘అమన్ శాంతి’ పేరుతో కేంద్రం నడిపింది. పిల్లలకు చదువు, ఆడవాళ్లకు కుట్టుపని, ఆరోగ్యానికి సంబంధించిన సాయం. రెండు మతాల తల్లులూ ఒకే గదిలో కుట్టుమిషన్ల ముందు కూర్చునేవారు. గొడవల్లో మొదట తెగిపోయేది ఇరుగుపొరుగు రాకపోకలు కాబట్టి, మళ్లీ ముడివేయడం కూడా అక్కడే మొదలుపెట్టారు.

ఇది సువార్త పనేనా అని అడిగే విశ్వాసులు మనలోనూ ఉన్నారు. పౌలు కొరింథీయులకు రాసిన రెండో పత్రికలో సమాధానపరచే పరిచర్య గురించి మాట్లాడాడు. దేవుడు మనిషితో రాజీపడ్డాడని నమ్మినవాడు మనుషుల మధ్య రాజీకి పనిచేయకపోతే ఆ నమ్మకం నోటి వరకే ఆగిపోయినట్టు. సంస్థ పనికి ఆధారం ఈ విశ్వాసమే. అయితే సాయం అందుకున్నవాళ్లు ఆ విశ్వాసంలోకి రావాలన్న షరతు పెట్టలేదు. దాని బలమంతా అక్కడుందని నా అభిప్రాయం.

ఇక మంటల సంగతి. 2025 జనవరి 7న లాస్ ఏంజెలిస్ చుట్టూ రేగిన పాలిసేడ్స్, ఈటన్ కార్చిచ్చుల్లో 16 వేలకు పైగా కట్టడాలు బూడిదయ్యాయి. ఇళ్లతోపాటు ప్రార్థనా స్థలాలూ పోయాయి. పసిఫిక్ పాలిసేడ్స్‌లో కార్పస్ క్రిస్టీ క్యాథలిక్ చర్చి, కమ్యూనిటీ యునైటెడ్ మెథడిస్టు చర్చి. ఆల్టడీనాలో సెయింట్ మార్క్స్ ఎపిస్కోపల్ చర్చి, మెథడిస్టు చర్చి కాలిపోయాయి. అదే ఈటన్ మంటల్లో మస్జిద్ అల్ తఖ్వా, పసదేనా యూదుల ప్రార్థనాలయం కూడా పోయాయి. గుడి పోయిన ఆ యూదు సమాజానికి ఆరాధన జరుపుకోవడానికి పసదేనాలోని ఒక మెథడిస్టు చర్చి తలుపులు తెరిచింది. చిరాగ్ అలీ లేన్ వాళ్లు పాతబస్తీలో నేర్చిన పాఠం ఇదే: నష్టం వచ్చాక విశ్వాసాన్ని కొలిచేది మన గడప ఎవరికోసం తెరుచుకుందన్న దాంతోనే.

నాంపల్లికీ నిప్పు కొత్త కాదు. 2019 జనవరి 30 రాత్రి అక్కడి నుమాయిష్ ఎగ్జిబిషన్‌లో వందల స్టాళ్లు కాలి, ఏడాది సంపాదన అక్కడే పెట్టుకున్న వ్యాపారులు కట్టుబట్టలతో మిగిలారు. 2023 నవంబర్‌లో బజార్‌ఘాట్ అపార్టుమెంటు కింద నిల్వ ఉంచిన రసాయనాలు అంటుకుని కనీసం తొమ్మిదిమంది చనిపోయారు. కార్చిచ్చైనా, రసాయనమైనా, మూక పెట్టిన నిప్పైనా, ఇల్లు పోయిన మనిషికి మర్నాడు ఎదురయ్యే పనులు దాదాపు ఒకటే. పాతబస్తీలో రేషన్ కార్డు కూడా కాలినవాడు తానెవరో ఆఫీసులో రుజువు చేసుకోవాలి. కాలిఫోర్నియాలో ఇన్సూరెన్సు కోసం ఇంట్లో ఉన్న ప్రతి వస్తువునూ, పెళ్లి పట్టుచీర నుంచి పప్పు గిన్నె దాకా, గుర్తు తెచ్చుకుని జాబితా రాయాలి.

అలాంటివాళ్ల దగ్గరికి మనం వెళ్లగానే ‘దేవుడి చిత్తం’, ‘ఇంతకంటే మంచిది ఇస్తాడు’ అనేస్తాం. యోబు స్నేహితులు ఏడు రోజులు అతని పక్కన నేలమీద మాట్లాడకుండా కూర్చున్నారు. వాళ్లు చేసిన మేలంతా ఆ ఏడు రోజుల్లోనే ఉంది; నోరు తెరిచాకే తప్పుల మీద తప్పులు. వాక్యం చెప్పకూడదని కాదు. ప్రార్థన నిజంగా ఆసరా ఇస్తుంది, పాట నిద్ర పట్టిస్తుంది, సంఘం ఉందన్న ధైర్యమే కొందరిని నిలబెడుతుంది. కానీ అవి దూరం నుంచి పంపే మాటలుగా పనిచేయవు. పక్కన ఉన్న మనిషి నుంచి వస్తేనే నమ్మబుద్ధి అవుతాయి.

ఇన్‌స్టిట్యూట్ ఇప్పుడు శివరాంపల్లిలో సొంత ప్రాంగణంలో ఉంది. ఇస్లాం అధ్యయనం, భాషా తరగతులు, మతాల మధ్య సంభాషణ, సయోధ్య శిక్షణ అన్నీ దాని పనులే. సెలవుల్లో హైదరాబాద్ వెళ్లినప్పుడు చూసి రావచ్చు. అంతకన్నా ముందు ఇక్కడ చేయగలిగింది ఒకటుంది. మన సంఘాల్లో క్రిస్మస్ కూడికకూ, కొత్త ఇంటి ప్రార్థనకూ కమిటీలున్నాయి. ఇల్లు పోయినవారి కోసం కూడా ఒకటి వేసుకుందాం: గది ఇచ్చేవాళ్లు ఒకరు, ఇన్సూరెన్సు కాగితాల్లో సాయపడేవాళ్లు ఒకరు, పిల్లల్ని బడికి దింపేవాళ్లు ఒకరు. ఆ జాబితాలో పొరుగింటి ముస్లిం, యూదు, హిందూ కుటుంబాల ఫోన్ నంబర్లు కూడా ఉండాలి. మంటలు రాకముందే రాసిపెట్టుకోవాల్సినవి అవి.