తాతగారి పైలటు వాచీ

యుద్ధకాలంలో మా తాతగారు వాయుసేనలో ఫిట్టరుగా పనిచేశారు. ఆయన ఇంజను బాగుచేసి ప్రాణం కాపాడినందుకు ఒక ఇంగ్లీషు పైలటు తన చేతి వాచీ విప్పి ఈయన చేతికి తొడిగాడట. పండక్కి అందరం పంక్తిలో కూర్చున్నామంటే ఈ కథ ఒక్కసారైనా పడవలసిందే. నాకు పాత పైలటు వాచీల పిచ్చి పట్టింది అందువల్లనే. పదేళ్లుగా దొరికినవి కొంటున్నాను, మోసపోతున్నాను, నేర్చుకుంటున్నాను. కాని రాజమండ్రిలో మా మేనత్త దగ్గరున్న ఆ అసలు వాచీని మొన్న సంక్రాంతి దాకా భూతద్దం పెట్టి చూసింది లేదు.

పైలటుకు వేరే వాచీ ఎందుకండీ అంటారేమో! మగవాళ్లంతా జేబు గడియారాలు వాడే రోజుల్లో, 1904లో, పారిస్‌లో శాంటోస్ డ్యూమాంట్ అనే బ్రెజిల్ దేశస్థుడు గాలిలో ఎగిరే ప్రయోగాలు చేస్తుండేవాడు. రెండు చేతులూ పనిలో ఉండగా జేబులోంచి గడియారం తీసేదెలా? మిత్రుడు లూయీ కార్టియే ఆయనకోసం మణికట్టుకు కట్టుకునే గడియారం చేయించి ఇచ్చాడు.

తరువాత వచ్చిన అవసరం ఇంకా పెద్దది. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది. నక్షత్రాలను చూసి విమానం ఎక్కడున్నదీ లెక్కకట్టాలంటే సరైన కాలం తెలియాలి. వాచీ 4 సెకన్లు తప్పితే భూమధ్యరేఖ దగ్గర దాదాపు రెండు కిలోమీటర్ల తేడా వస్తుంది. నిమిషం తప్పితే దాదాపు 28 కిలోమీటర్లు! కింద సముద్రం, చుట్టూ చీకటి, ట్యాంకులో అడుగంటిన పెట్రోలు. ఊహించుకోండి.

అందుకే రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు 55 మిల్లీమీటర్ల వెడల్పున్న వాచీలు చేయించారు. మన ఇంట్లో అప్పడమంత అన్నమాట. తోలు కోటు చేతిమీదుగా కట్టుకోవడానికి పొడుగాటి పట్టీ. నల్లటి డయలు మీద పన్నెండు స్థానంలో త్రికోణం, దానికి చెరో పక్కా ఒక్కో చుక్క. ఐదు కంపెనీలు చేశాయి: లాంగే, వెంపే, లాకో, స్టోవా, ఐ.డబ్ల్యు.సి. ఆ త్రికోణం చూసి మాత్రం మురిసిపోకండి. ఈనాడు ఎవరు పడితే వాళ్లు వేస్తున్నారు. అసలు దానికి డబ్బా పక్కన ‘ఎఫ్.ఎల్. 23883’ అని చెక్కి ఉంటుంది. అదీ చెక్కే ఘనులున్నారు లెండి. లోపలి యంత్రం కూడా కాలానికి తగినదో కాదో చూడాలి.

మన ఇళ్లలో పైలటు వాచీ అంటే హెచ్.ఎం.టి. పైలటే. 1961లో బెంగుళూరులో జపానువారి సిటిజన్ సహకారంతో మొదలైన ఆ సంస్థ చేసిన వాచీ అది. అందమైనదే. నేను మొదట కొన్నది అదే. డయలుకు కొత్తగా రంగు వేసి, అక్షరాలు అలికినట్టు అచ్చువేసి అంటగట్టారు. భూతద్దం కొన్నది ఆ తరువాతే.

బ్రిటిషు వాచీలకు జాతకం వెనక మూతమీదే ఉంటుంది. సర్కారు సొత్తని చెప్పే బాణం గుర్తు, పక్కన సంఖ్య. యుద్ధంలో వాయుసేనకిచ్చినవాటి మీద ‘ఎ.ఎం.’ అనీ, ‘6బి/159’ అనీ ఉంటుంది. 1948 నుంచి వచ్చిన మార్క్ 11కి ‘6బి/346’. దీని యంత్రాన్ని మెత్తని ఇనుప కవచంలో దాచారు, విమానంలోని అయస్కాంత ప్రభావం తగలకుండా.

సంక్రాంతినాడు అత్తయ్య తలగడ పక్కనున్న చిన్న పెట్టె తెరిచి వాచీ నా చేతిలో పెట్టింది. తిప్పి చూశాను. బాణం గుర్తుంది. దాని కింద ‘ఎ.టి.పి.’ అని ఉంది. నా గుండె జారింది. అది పదాతి సైన్యానికి ఇచ్చిన రకం. ఏ పైలటుకూ జారీ చేసినది కాదు.

“ఏం రాసుందిరా?” అంది అత్తయ్య.

ఎనభైకి దగ్గరపడిన మనిషి. చెప్పనా, మాననా అని కాసేపు నసిగాను. చివరికి చెప్పేశాను.

ఆమె బాధపడలేదు సరికదా, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

“నాన్న నోట ఆ కథ నేనెన్నడూ వినలేదురా. ఎప్పుడు చెప్పినా అమ్మే చెప్పేది. ఆయన తలవంచుకుని అన్నం తినేవాడు.”

“మరి వాచీ ఎక్కడిది?”

“కొనుక్కుని ఉంటాడు. అమ్మకు చెప్పకుండా వాచీ కొనడమంటే మాటలా! అప్పటికేదో ఒక్కసారి చెప్పి తప్పించుకుని ఉంటాడు. ఇక ఆవిడ వదిలితేనా!”

నాకు ఇంకో భయం పట్టుకుంది. ఆ ముళ్లకు, అంకెలకు పూసినది రేడియం. ఇప్పుడు చీకట్లో వెలగదు. వెలుగునిచ్చే పదార్థం చెడిపోయింది గాని, రేడియం అలాగే ఉంది. అందులో సగం తరగడానికే 1600 ఏళ్లు పడుతుంది. 1920ల నాటికి అమెరికాలో కుంచె మొనను పెదవులతో సవరించుకుంటూ ఈ పూత వేసిన ఆడపిల్లలు దవడ ఎముకలు కుళ్లి చనిపోయారు. అందుకని ఇలాంటి వాచీని ఇంట్లో విప్పకూడదు, గీకకూడదు. పొడి లోపలికి పీల్చడమే అసలు ప్రమాదం.

“మూత తీయించకు. తలగడ దగ్గర అసలే వద్దు అత్తయ్యా,” అన్నాను.

“ముప్పై ఏళ్లనుంచి అక్కడే ఉంది కదరా,” అంటూనే లేచి, వాచీని మళ్లీ పెట్టెలో సర్ది, వెనక వసారాలోని భోషాణంలో పెట్టి తాళం వేసింది. తాళంచెవి బొడ్లో దోపుకుంటూ, “పిల్లలకు మాత్రం పైలటే ఇచ్చాడని చెప్పు,” అంది.