మండువా గాలి, కంప్యూటర్ వేడి

ఫ్యాన్ లేని గ్రాఫిక్స్ కార్డు అనగానే అదేదో చల్లగా పనిచేసే సరుకని చాలామంది అనుకుంటారు. కార్డు తినే కరెంటు దాదాపు అంతా చివరికి వేడిగానే తేలుతుంది. ఫ్యాన్ తీసేస్తే ఆ వేడి తగ్గదు, దాన్ని మోసే పని గదిలోని గాలి మీద పడుతుంది, అంతే. కాబట్టి రాజమండ్రిలో ఇలాంటి కార్డు కొనేవాళ్లు అట్టపెట్టె కన్నా ముందు తమ గదిని చూసుకోవాలి.

పాలిట్ కంపెనీ 2024లో తెచ్చిన ఆర్‌టీఎక్స్ 3050 కామ్‌ఎక్స్‌నే తీసుకోండి. 70 వాట్ల కార్డు. ఫ్యాన్లు ఉండాల్సిన చోట అల్యూమినియం రేకుల దొంతర, దాని గుండా రాగి గొట్టాలు. ఇలాంటి హీట్ పైపుల్లో మామూలుగా ఉండేది కాసిని నీళ్లే. లోపలి గాలి తీసేసి మూయడంతో ఆ నీరు వంద డిగ్రీలు రాకుండానే ఆవిరవుతుంది. చిప్ దగ్గర ఆవిరై, రేకుల దగ్గర వేడి వదిలి మళ్లీ నీరై, గొట్టం గోడకున్న వత్తిలాంటి పొర గుండా వెనక్కి చేరుతుంది. ఇడ్లీ పాత్ర మూత తీసి, లోపలి నీటి బొట్లు చూసినవాళ్లకి ఇందులో సగం తెలిసినట్టే. మిగతా సగం కోనసీమ మండువా ఇళ్లలో ఉంది. నడిమధ్య కప్పు లేదు కనక వేడెక్కిన గాలి అటుగా పైకి పోతుంది, వీధి గుమ్మంలోంచి కొత్త గాలి వస్తుంది. రేకుల మధ్యా అదే జరగాలి. ఆ కార్డున్న కంప్యూటర్ కేబినెట్‌ని టేబుల్ అరలోకి తోసి తలుపు మూయడమంటే, మండువా మీద రేకులు కప్పించుకుని ఉక్కపోతని తిట్టుకోవడమే.

లెక్క ఇక్కడే తేడా కొడుతుంది. చిప్‌ని 85 డిగ్రీల దగ్గర ఆపాలనుకుందాం. గది 25 ఉంటే చేతిలో 60 డిగ్రీల తేడా ఉంది. మే నెలలో బయట 45 ముట్టుకునే రోజున ఏసీ లేని మేడగది 40 ఉంటే మిగిలేది 45 డిగ్రీలే. మొదటి గదిలో 70 వాట్లు మోసిన రేకులే రెండో గదిలో సుమారు 50 దగ్గర చేతులెత్తేస్తాయి. ఉక్కపోత మాత్రం దీనికి లెక్కలేదు. చెమట ఆరక బాధపడేది మనం, కార్డుకి చెమటే పట్టదు. అందుకే కాకినాడ 36 డిగ్రీల జిడ్డు కన్నా రాజమండ్రి 45 డిగ్రీల పొడి ఎండే దానికి గండం.

అయితే ఫ్యాన్ కార్డే కొనుక్కోవచ్చుగా? 450 వాట్ల ఆర్‌టీఎక్స్ 4090 లాంటివాటికి వేరే దారి లేదు. చిన్న కార్డుల్లోనూ చాలావాటికి పని తక్కువున్నప్పుడు ఫ్యాన్లు ఆగిపోతున్నాయి. పైగా వేసవిలో నెత్తిన సీలింగ్ ఫ్యాన్ గిర్రున తిరిగే గదిలో కార్డు చప్పుడు వినేదెవరు? దుమ్ముకి ఫ్యాన్ బేరింగ్ అరుగుతుందన్నది నిజమే, కొబ్బరిపీచు నలుసులు ఎగిరే ఊళ్లలో మరీను. కానీ ఆ నలుసులు రేకుల మీదా పేరుకుంటాయి, తోసే గాలి లేనిచోట పల్చటి పొరే ఎక్కువ చేటు. ఈ నిశ్శబ్దం నిజంగా కావలసింది ఇంట్లో గొంతు రికార్డు చేసుకునేవాళ్లకి. వాళ్లేమో తలుపులు మూసి, సీలింగ్ ఫ్యాన్ కట్టేసి కూర్చుంటారు, అంటే గదిని తామే వేడెక్కిస్తారు. కేబినెట్ వెనక 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఒకటి మెల్లగా తిరగనిస్తే మైకుకి దాదాపు వినపడదు, కార్డుకి ప్రాణం లేచొస్తుంది. అదీ వద్దనుకుంటే మే నెల రికార్డింగులు తెల్లవారుజామునే పెట్టుకోవాలి.