పంపు స్టార్టరు మాటిమాటికి ఆగుచున్నచో చూడవలసిన సంగతులు

నేతశాలలో ఒక మగ్గము ఆగినచో ఆ మగ్గము పని మాత్రమే ఆగును. అద్దకపు షెడ్డులో పంపు ఆగినచో ఆనాడు రంగులో పడిన నూలంతయు చిక్కులో పడును. రియాక్టివు రంగు వేసిన చిలపలు కడుగుటకు నీరు లేక అట్లే నిలిచిపోయినచో, ముందుగా ఆరిన చోట ఒక ఛాయ, తడి మిగిలిన చోట మరియొక ఛాయ తేలును. అట్టి నూలు పడుగులో పడిన తరువాత గాని తేడా కనబడదు. అప్పటికి నష్టము అద్దినవానిది మాత్రమే గాక నేసినవానిది కూడ అగును.

షోలాపురములో తువాళ్లకు, చాదర్లకు నూలు అద్దే మన సోదరులలోను, సేలం ప్రాంతపు సోదరులలోను పెక్కుమంది బోరు నీటినే నమ్ముకొని ఉన్నారు. రెండు చోట్లను అడుగున గట్టి రాయి. వేసవిలో బోరులో నీటిమట్టము దిగును. అందరును కరెంటు వాడే వేళలలో లైనులో వోల్టేజి తగ్గును. ఈ రెండు ఇక్కట్ల నడుమ మోటారును కాపాడుచున్నది గోడకు బిగించిన స్టార్టరు పెట్టె. ఐనను పంపు ఆగినప్పుడు మొదట నింద పడునది ఆ పెట్టెమీదనే.

సాధారణముగా జరుగునది అందరికిని తెలిసినదే. పెట్టె రెండు మూడు మారులు ట్రిప్పు అగును. పని తొందర. వచ్చిన మేస్త్రీ కాంటాక్టరు సందున చెక్కపేడు దోపును, లేదా ఫేజు కాపలా రిలే తీగెలు రెండును కలిపివేయును. పంపు నడచును; అందరును సంతోషింతురు. కొలది దినములలో మోటారు కాలును. ఇక బోరులోనుండి పైపులు పైకి లాగుట, మోటారు చుట్టించుట, మరల దించుట, ఆ దినములన్నియు ట్యాంకరు నీరు కొనుట.

మేము చెప్పదలచిన ముఖ్యమైన మాట ఒక్కటే. మాటిమాటికి ఆగే పెట్టె చెడిన పెట్టె కానక్కరలేదు. మరమగ్గములో పేక తెగినప్పుడు వెఫ్టు ఫోర్కు మగ్గమును ఆపును. మగ్గము ఊరక ఆగుచున్నదని ఫోర్కును కట్టివేసి నేసినచో ఎట్టి గుడ్డ వచ్చునో మనకు వేరుగా చెప్పనక్కరలేదు. స్టార్టరు సంగతియు అంతే. అది ఎందుకు ఆపినదో తెలిసికొనిన తరువాతనే దానిపై చేయి వేయవలెను.

పెట్టెలో ఉండునవి

ఏ కంపెనీ పెట్టె ఐనను అందులోని పనివాండ్రు నలుగురే. మొదటిది కాంటాక్టరు. దాని కాయిలుకు కరెంటు అందినంతసేపు అది లైనును మోటారుకు కలిపి ఉంచును. రెండవది ఓవర్‌లోడు రిలే. మోటారు తన శక్తికి మించిన కరెంటును లాగుచుండగా అది వేడెక్కి లైను తెంచును. మూడవది ఫేజు కాపలా రిలే. మూడు ఫేజులలో ఒకటి పోయినను, వాటి వరుస తారుమారైనను అది మోటారును నడువనీయదు. నాలుగవది డ్రై రన్ రిలే. బోరులో నీరు లేనప్పుడు ఇది పంపును ఆపును. ఇప్పుడు వచ్చుచున్న ఎలక్ట్రానిక్ పెట్టెలలో చివరి మూడును ఒకే బిళ్లలో ఉండి, కారణమును దీపముతో గాని అక్షరములతో గాని చూపును. రీసెట్టు నొక్కుటకు ముందు ఏ దీపము వెలిగినదో వ్రాసికొనవలెను. నొక్కిన తరువాత ఆ సాక్ష్యము పోవును.

డ్రై రన్ రిలే వేరుగా ఎందుకని కొందరు అడుగుదురు. నీరు లేక తిరిగే పంపుకు బరువు లేదు గనుక మోటారు కరెంటు పెరుగదు, తగ్గును. కావున ఓవర్‌లోడు రిలేకు ఆ ప్రమాదము తెలియనే తెలియదు. బోరులోని మోటారును చల్లబరచునది చుట్టును ప్రవహించే నీరే. ఆ నీరు లేనప్పుడు తక్కువ కరెంటుతోనే మోటారు ఉడికిపోవును.

మొదట లైను

మూడు ఫేజులను రెండేసి చొప్పున మూడు మారులు వోల్టుమీటరుతో కొలువవలెను. 415 వోల్టులకు దగ్గరగాను, మూడును ఇంచుమించు సమముగాను ఉండవలెను. బల్బు వెలిగినంత మాత్రమున ఫేజు సరిగా ఉన్నదనుకొనరాదు. మోటారు తిరుగుచుండగా కొలిచిన వోల్టేజిని కూడ పూర్తిగా నమ్మరాదు. ఏలయనగా పోయిన ఫేజు స్థానమున తిరుగుచున్న మోటారే కొంత వోల్టేజిని పుట్టించి మీటరును మోసగించును. కావున మోటారు ఆపి ఒకమారు, నడిపి ఒకమారు కొలువవలెను.

వోల్టేజిలో కొద్దిపాటి అసమానతయే గదా అని తీసివేయరాదు. మూడు ఫేజుల వోల్టేజి నూటికి 3.5 వంతులు అసమానమైనచో మోటారులో పుట్టే వేడి నూటికి 25 వంతుల వరకు పెరుగునని ఇంజనీర్ల లెక్క.

తరువాత కరెంటు

వోల్టేజి సరిగా ఉన్నచో మూడు తీగెలకు ఒక్కొక్క దానికి టాంగు టెస్టరు పట్టి, మోటారు పలకపై వ్రాసిన ఆంపియర్లతో పోల్చవలెను. కనబడే అంకెను బట్టి కారణము చాలవరకు తేలును.

మూడు తీగెలలోను కరెంటు పలక అంకెకు మించి ఉన్నచో, వోల్టేజి తక్కువై ఉండవలెను, లేదా పంపులో ఇసుక చేరి గాని బేరింగులు అరిగి గాని బిగుసుకొని ఉండవలెను.

ఒక తీగెలో సున్న వచ్చి, తక్కిన రెంటిలో బాగా పెరిగినచో ఒక ఫేజు పోయినదని అర్థము. నడుచుచున్న మోటారు అదే బరువును రెండు తీగెలతో లాగవలసి వచ్చినందున వాటిలో కరెంటు సుమారు 1.73 రెట్లగును. ఆగి ఉన్న మోటారైతే కదలక మూలుగును. అప్పుడు వెంటనే స్విచి తీయవలెను.

మూడింటిలోను కరెంటు బాగా తగ్గి నీరు రానిచో బోరు ఎండినది, లేదా పంపు షాఫ్టు విరిగినది. నీరు కొంచెముగా వచ్చుచున్నచో మోటారు వెనుకకు తిరుగుచున్నదేమో చూడవలెను. ట్రాన్స్‌ఫార్మరు వద్దనో స్తంభముమీదనో పని జరిగిన తరువాత ఫేజుల వరుస మారుట కద్దు. పెట్టెలో రెండు తీగెలు తారుమారు చేసినచో సరిపోవును.

లోపము లైనులోనా, మోటారులోనా?

మూడు తీగెల కరెంటు అసమానముగా ఉన్నప్పుడు మేస్త్రీ మోటారును అనును, మోటారు చుట్టినవాడు లైనును అనును. ఈ తగవు తీర్చుటకు సులువైన ఉపాయము కలదు. మెయిను స్విచి ఆపి, మోటారుకు పోవు మూడు తీగెలను ఒక్కొక్క స్థానము ముందుకు జరుపవలెను. మూడింటిని జరుపుటచే తిరుగుడు దిక్కు మారదు; రెంటిని మాత్రమే మార్చినచో మారును. మరల నడిపి కరెంటు కొలువవలెను. హెచ్చు కరెంటు పెట్టెలోని మునుపటి స్థానముననే ఉన్నచో లోపము లైనులోనో కాంటాక్టరులోనో ఉన్నది. అది తీగెతోపాటు జరిగినచో లోపము మోటారులో గాని కేబులు జాయింటులో గాని ఉన్నది. బోరు లాగించుటకు ముందు ఈ పరీక్ష తప్పక చేయించవలెను.

కారణము లేక ఆగినట్లు కనబడినచో

వోల్టేజి, కరెంటు రెండును సరిగా ఉన్నను పెట్టె ఆగుచున్నచో అప్పుడు పెట్టెను అనుమానింపవచ్చును. ఓవర్‌లోడు రిలే ముల్లు ఎక్కడ ఉన్నదో చూడవలెను. నేరుగా నడిచే స్టార్టరులో అది మోటారు పలక అంకెకు సరిపోవలెను. స్టార్-డెల్టా స్టార్టరులో రిలే సాధారణముగా మోటారు ఫేజు తీగెలలో ఉండును గనుక పలక అంకెకు 0.58 వంతుకు పెట్టవలెను. పలకపై 20 ఆంపియర్లున్నచో ముల్లు 11.6 వద్ద ఉండవలెను. ఇది తెలియక 20 వద్దనే పెట్టినచో ఆ రిలే ఉన్నను లేనట్లే.

డ్రై రన్ రిలేను బోరు నిండుగా ఉన్నప్పుడు సరిచేసి, వేసవిలో మరల చూడకుండుట మరియొక కారణము. నీటిమట్టము దిగినకొద్దీ కరెంటు కొంత మారును; అప్పుడు నీరు ఉండగానే అది పంపును ఆపవచ్చును. సంపులో నీటిమట్టము చూచే కడ్డీలపై సున్నపు పొర పట్టినను తప్పుడు కబురు పంపును. ఆ పొరను గీకి తీసినంతనే పంపు నడుచును.

బిగువు లేని స్క్రూ మరియొక దొంగ. వదులైన చోట వేడి పుట్టును. ఆ వేడి పక్కనున్న రిలేకు తగిలి అది అకారణముగా ఆగును. నల్లబడిన తీగె కొన దీనికి గుర్తు. అద్దకపు షెడ్లలో ఇది మరింత ఎక్కువ. హైడ్రోసు నుండియు, సల్ఫరు రంగుల నుండియు వచ్చే ఆవిరి రాగిని, కాంటాక్టు వెండి బిళ్లలను నలుపెక్కించును. పెట్టెను తొట్టెల గదిలో గాక వెలుపల, వాన తగలని చోట పెట్టుట మేలు. గుంటలు పడిన వెండి బిళ్లలను ఆకురాతితో రుద్దరాదు; మార్చివేయవలెను.

మోటారు అసలు కదలనిచో వరుసగా కంట్రోలు ఫ్యూజు, ఆపు బొత్తాము, ఫ్లోటు స్విచి, కాయిలు చూడవలెను. కాంటాక్టరు టకటక కొట్టుకొనుచున్నచో వోల్టేజి తక్కువైనదని గ్రహించి వెంటనే ఆపవలెను.

ప్రాణముల సంగతి

అద్దకపు షెడ్డులో నేల తడి, చేతులు తడి, నీటిలో ఉప్పు. పెట్టె మూత తీయుటకు ముందు మెయిను స్విచి తీసి, దానికి తాళము వేసి, చెవి తీసినవాని జేబులోనే ఉంచవలెను. సెల్‌ఫోనుతో నడిచే పెట్టెలును, కరెంటు రాగానే తమంతట తామే నడిచే పెట్టెలును ఇప్పుడు పెక్కు షెడ్లలో ఉన్నవి. ఎవరో ఒకరు చేయి పెట్టి ఉండగా అవి హఠాత్తుగా నడువవచ్చును. కావున ఆపు బొత్తాము నొక్కినంత మాత్రమున చాలదు. పెట్టెకును మోటారుకును మంచి ఎర్తు ఉండవలెను. రీసెట్టు చేసినప్పుడెల్లను మరల ట్రిప్పు అగుచున్న పెట్టెను మూడవమారు నొక్కక, మెగ్గరుతో మోటారును, కేబులును పరీక్ష చేయించవలెను. అది 1 మెగోము కంటె తక్కువ చూపినచో బోరులోని తీగె జాయింటునో మోటారునో అనుమానింపవలెను.

సభ్యులకు మా సలహా ఇది. పంపు బాగా నడుచుచున్న దినముననే మూడు వోల్టేజిలు, మూడు కరెంటులు, రిలే ముల్లు అంకె, బోరు నీటి లోతు ఒక కాగితముపై వ్రాసి పెట్టె తలుపు లోపల అంటించుకొనవలెను. నెలకొకమారు అదే వరుసలో తేదీతో మరల వ్రాయవలెను. మోటారు చెడుటకు ముందు చాలమారులు ఈ అంకెలు మారును. మేస్త్రీ వచ్చినప్పుడు ఆ కాగితము ఆయన చేతికిచ్చి, పాత అంకెకును కొత్త అంకెకును తేడా ఎందుకు వచ్చినదో మొదట అడుగవలెను. చెక్కపేడు కొరకు వెదకే మేస్త్రీతో ఆనాటి పని అక్కడనే నిలిపి, తెలిసిన మరియొకరిని పిలుచుకొనుట వలన ఒక పూట పని పోయినను మోటారు మిగులును.