సగం కుర్చీలు

2022 మే 16న అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో ఒక పాత ఎస్టేటు పాలకమండలిలోకి 11 మంది కొత్త సభ్యులు వచ్చారు. ఎస్టేటు పేరు మాంట్‌పెలియర్. అమెరికా నాలుగో అధ్యక్షుడు, ఆ దేశ రాజ్యాంగానికి పితామహుడని పేరు పొందిన జేమ్స్ మాడిసన్ ఇల్లు అది. ఇప్పుడు మ్యూజియం. ఆ 11 మంది పేర్లనూ ప్రతిపాదించింది మాడిసన్ బంధువులు కాదు, భారీ విరాళాలిచ్చిన దాతలూ కాదు. మాడిసన్ కుటుంబానికి బానిసలుగా బతికినవాళ్ల మునిమనవళ్లు, వాళ్ల పిల్లలు కలిసి పెట్టుకున్న వారసుల సంఘం. ఆ రోజుతో పాలకమండలిలో ఆ సంఘం పంపినవాళ్లు కనీసం సగమయ్యారు.

పాలకమండలి ఎన్నిక పత్రికల్లో పెద్ద వార్త కావడం అరుదు. ఇది అయింది. ఎందుకో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

అమెరికా దక్షిణాదిన పొగాకు, వరి, పత్తి, చెరకు పండించిన పెద్ద పెద్ద ఎస్టేట్లనే ప్లాంటేషన్లు అంటారు. మధ్యలో యజమాని బంగళా, చుట్టూ వందల వేల ఎకరాలు, దూరంగా బానిసల గుడిసెలు. 1865లో బానిసత్వం రద్దయ్యాక చాలాచోట్ల గుడిసెలు కూలిపోయాయి, బంగళాలు నిలిచాయి. తర్వాతి శతాబ్దంలో ఆ బంగళాలకు రంగులేసి, టికెట్ పెట్టి జనానికి చూపించడం మొదలైంది. వెండి పాత్రలు, పట్టు తెరలు, అమ్మగారి పియానో, అయ్యగారి గ్రంథాలయం. వండిందెవరో, వడ్డించిందెవరో చెప్పకుండానే విందు కథంతా చెప్పేవారు. జెన్నిఫర్ ఐక్‌స్టెడ్, స్టీఫెన్ స్మాల్ అనే సామాజిక శాస్త్రవేత్తలు వర్జీనియా, జార్జియా, లూసియానా రాష్ట్రాల్లో 122 ప్లాంటేషన్ మ్యూజియంలను పరిశీలించి 2002లో పుస్తకం రాశారు. వాటిలో సగానికి పైగా చోట్ల బానిసత్వం ఊసే లేదు, లేదా ఏదో అనాలి కాబట్టి అన్నట్టు ఒకటీ అరా మాట ఉంది. ఇలాంటి తోటలు కొన్ని పెళ్లిళ్ల వేదికలుగా కూడా బాగా సంపాదించాయి. 2019లో ఒక పౌరహక్కుల సంస్థ ఒత్తిడితో కొన్ని పెద్ద వెబ్‌సైట్లు ప్లాంటేషన్ పెళ్లిళ్లకు ప్రచారం తగ్గించే దాకా దాని గురించి బయట గట్టిగా మాట్లాడినవాళ్లు తక్కువ.

మార్పు ఏదో ఒక్క మ్యూజియం మంచితనం వల్ల మొదలు కాలేదు. ముందు తలుపు తట్టింది వారసులే. వాళ్లలో నేను అందరికన్నా ముందు చెప్పుకునే పేరు డొరతీ స్ప్రుయిల్ రెడ్‌ఫర్డ్.

నార్త్ కరోలినాలో ఫెల్ప్స్ సరస్సు ఒడ్డున సోమర్‌సెట్ ప్లేస్ అనే ఎస్టేటు ఉంది. 1786లో దాని యజమానులు 80 మందిని ఆఫ్రికా నుంచి నేరుగా ఓడలో రప్పించి, చిత్తడి అడవిలో ఆరు మైళ్ల కాలువ తవ్వించారు. ఆ నీళ్లలో, ఆ దోమల్లో ఎంతోమంది చనిపోయారు. రెడ్‌ఫర్డ్ పూర్వీకులు ఆ ఎస్టేటు మనుషులే. కానీ ఆ సంగతి ఆమెకు పెద్దయ్యే దాకా తెలియదు. ఆమె వర్జీనియాలోని పోర్ట్స్‌మత్‌లో సామాజిక సేవా శాఖ ఉద్యోగి. 1977లో ‘రూట్స్’ టీవీ ధారావాహిక చూశాక, మన మూలం ఎక్కడన్న ప్రశ్న పట్టుకుని వెతకడం మొదలుపెట్టారు.

ఆ వెతుకులాట ఎంత కష్టమో చెప్పాలి. అమెరికా జనాభా లెక్కల్లో నల్లజాతివాళ్లందరి పేర్లూ కనిపించేది 1870 నుంచే. 1850, 1860 లెక్కల్లో బానిసలకు వేరే పట్టికలు ఉండేవి. వాటిలో యజమాని పేరు రాసి, కింద వయసు, ఆడో మగో, రంగు, అంతే. మనిషి పేరు ఉండదు. అందుకే తమ కుటుంబ చరిత్ర వెతికే నల్లజాతి అమెరికన్లు 1870 దగ్గరికి వచ్చేసరికి గోడకు తగులుకున్నట్టు ఆగిపోతారు. ఆ గోడ దాటాలంటే ప్రధానమైన దారి యజమానుల కాగితాలు. వీలునామాలు, అమ్మకం రసీదులు, తాకట్టు పత్రాలు, ఆస్తి పంపకాల జాబితాలు. మనుషులను ఆస్తిగా రాసుకున్నారు కాబట్టే ఆ పేర్లు మిగిలాయి. పశువుల పక్కన, పనిముట్ల పక్కన తన ముత్తవ్వ పేరు, ఆమె ఖరీదు చదువుకోవాల్సి రావడం ఎలాంటి అనుభవమో ఊహించుకోండి.

మారిషస్ తెలుగువాళ్ల సంగతితో పోల్చి చూస్తే ఈ తేడా బాగా అర్థమవుతుంది. కోరంగి రేవు నుంచి, కోస్తా జిల్లాల నుంచి చెరకు తోటల్లో కూలికి ఓడెక్కినవాళ్ల కష్టాలు తక్కువవి కావు. కానీ వాళ్లు ఒప్పంద కూలీలు. దిగిన ప్రతి మనిషికీ ఒక నంబరు, పేరు, తండ్రి పేరు, ఊరి పేరు పుస్తకంలో రాశారు. 1860ల నుంచి ఫొటోలు కూడా తీశారు. ఆ దస్త్రాలు మారిషస్‌లోని మహాత్మా గాంధీ సంస్థలో ఉన్నాయి. నాలుగైదు తరాల తర్వాత కూడా మునిమనవడు వెళ్లి తన తాత ఊరేదో కనుక్కునే వీలుంది. వర్జీనియా పొగాకు తోటలో పనిచేసినవాళ్ల మనవడికి ఆ వీలు చాలా అరుదు.

దాదాపు పదేళ్లు రెడ్‌ఫర్డ్ కోర్టు కాగితాలు, కొలిన్స్ అనే యజమాని కుటుంబం పత్రాలు తిరగేశారు. తన వంశంతో ఆగలేదు, ఆ ఎస్టేటులో బతికిన మిగతా కుటుంబాల శాఖలనూ కలుపుకుంటూ వెళ్లారు. వాళ్ల వారసులు ఎక్కడెక్కడ ఉన్నారో వెతికి ఉత్తరాలు రాశారు. 1986 ఆగస్టు 30న సోమర్‌సెట్‌లో అందరూ కలుసుకున్నారు. రెండు వేల మందికి పైగా వచ్చారు. ‘రూట్స్’ రచయిత అలెక్స్ హేలీ వచ్చారు. కొలిన్స్ వంశీకులు కూడా వచ్చారు. రాష్ట్ర ప్రభుత్వం చేతిలో ఉన్న ఆ స్థలంలో అప్పటి దాకా చూపించింది యజమాని బంగళానే. అంతమంది ఒకేసారి వచ్చి మా వాళ్లు ఉన్న చోటేదని అడిగితే చూపడానికి అక్కడ ఇళ్లే లేవు.

తర్వాత జరిగింది ఇంకా ముఖ్యం. 1990లో రాష్ట్ర ప్రభుత్వం ఆ స్థలం నిర్వహణను ఆమెకే అప్పగించింది. 2008 దాకా ఆమే చూశారు. ఆమె హయాంలో బానిసల ఇళ్లు, వాళ్ల ఆస్పత్రి పాత పునాదుల మీద మళ్లీ లేచాయి. ఇప్పుడు అక్కడికి వెళ్లేవాళ్లు బంగళాతో పాటు ఆ ఇళ్లలోకీ అడుగుపెడతారు. కాలువ గట్టున నిలబడి ఆ 80 మంది గురించి వింటారు. బయటి నుంచి ఒక పరిశోధకుడు వచ్చి ఇదంతా చేసినా మంచిదే. అయితే వారసురాలే తాళంచెవి పట్టుకున్నప్పుడు ఏది ముందు కట్టాలి, ఏ గదికి ముందు ఖర్చు పెట్టాలి అనే నిర్ణయాలు వేరుగా ఉంటాయి. నాయకత్వమంటే నా లెక్కలో ఆ నిర్ణయాలే.

మళ్లీ మాంట్‌పెలియర్‌కు వద్దాం. మాడిసన్‌ల మూడు తరాల కాలంలో అక్కడ దాదాపు 300 మంది బానిసత్వంలో బతికారు. మాడిసన్ బానిసత్వం తప్పని రాసుకున్నాడు. కానీ వీలునామాలో ఒక్కరికీ విముక్తి ఇవ్వలేదు. బానిసలను ఐదింట మూడు వంతుల చొప్పున లెక్కించాలనే నిష్పత్తిని 1783లో ప్రతిపాదించింది ఆయనే. తర్వాత అదే లెక్క రాజ్యాంగంలోకి వెళ్లి, బానిసలున్న రాష్ట్రాలకు ప్రతినిధుల సభలో సీట్లు పెంచింది. ఓటు లేని మనుషులను లెక్కపెట్టి వాళ్ల యజమానులకు కుర్చీలిచ్చారు. ఆ ఇంటి పాలకమండలిలో కుర్చీల కోసం వారసులు ఎందుకంత పట్టుబట్టారో ఈ చరిత్ర తెలిస్తే విడిగా చెప్పక్కర్లేదు.

ఆ ఇంటి మనిషే పాల్ జెన్నింగ్స్. 1799లో అక్కడే పుట్టాడు. మాడిసన్‌కు చివరి దాకా సేవ చేశాడు. తర్వాత స్వేచ్ఛ పొంది, 1865లో తన జ్ఞాపకాలు ప్రచురించాడు. అధ్యక్ష భవనం లోపలి జీవితం గురించి వచ్చిన మొదటి జ్ఞాపకాల పుస్తకంగా దాన్ని చెబుతారు. జార్జ్ గిల్మోర్ అనే మరొకాయన విముక్తి తర్వాత 1873లో ఎస్టేటు పక్కనే కట్టుకున్న కలప ఇల్లు ఇప్పటికీ ఉంది. దాన్ని కాపాడాలని ముందు పట్టుబట్టింది ఆయన మునిమనవరాలు రెబెకా గిల్మోర్ కోల్‌మన్.

మ్యూజియం కూడా మారుతూ వచ్చింది. బంగళా పక్కన ఇంటి పనివాళ్ల ఇళ్లున్న చోట పురావస్తు విభాగం తవ్వకాలు జరిపింది. వారసులు కూడా వచ్చి ఆ మట్టి తవ్వారు. ఆ ఆధారాలతో ఆ ఇళ్లను మళ్లీ కట్టారు. 2017లో బంగళా కింది గదుల్లో బానిసత్వం మీద ఒక ప్రదర్శన తెరిచారు. గోడల ఇటుకల మీద వాటిని చేసిన పిల్లల వేలిముద్రలు కనిపిస్తాయి. ఆ ప్రదర్శన కథను 1865తో ఆపలేదు. చట్టాల్లో, ఆస్తుల్లో, జైళ్లలో బానిసత్వం నీడ ఇప్పటికీ ఎలా ఉందో కూడా చెప్పింది. ఎవరి మాటలు వాడాలి, ఏ ఫొటోలు పెట్టాలి అనే చర్చల్లో వారసులు మొదటి నుంచీ ఉన్నారు.

2018లో మాంట్‌పెలియర్‌లో చరిత్రకారులు, మ్యూజియం ఉద్యోగులు, వారసులు కూర్చుని ఒక అంచనా పట్టిక తయారుచేశారు. ఏ మ్యూజియమైనా తనను తాను కొలుచుకోవడానికి పనికొచ్చేది. పరిశోధనలో వారసుల కుటుంబ కథలకు చోటుందా, వాళ్లతో సంబంధం ఏడాదికోసారి పిలిచే పండగా లేక నిత్యం నడిచేదా, సందర్శకులకు చెప్పే కథలో వాళ్ల గొంతు ఉందా అని అడుగుతుంది. అందులో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది వారసులెవరన్న ప్రశ్నకు వాళ్లిచ్చిన జవాబు. కాగితం చూపి ఫలానా ఎస్టేటు బానిస మనవడినని నిరూపించుకున్నవాళ్లే కాదు, ఆ చుట్టుపక్కల ప్రాంతంలో బానిసత్వంలో బతికినవాళ్ల సంతతి అంతా ఆ సముదాయంలో భాగమే అన్నారు. పెళ్లిళ్లు, అమ్మకాలు, పంపకాలతో కుటుంబాలు ఎస్టేటు నుంచి ఎస్టేటుకు చెదిరిపోయాయి. పైగా పేర్లు రాయకుండా దాచింది ఆ వ్యవస్థే. ఇప్పుడు కాగితం చూపమని వారసులను అడగడం న్యాయం కాదు.

మాంట్‌పెలియర్ వారసుల సంఘం 2019లో ఏర్పడింది. 2021 జూన్‌లో మ్యూజియం పాలకమండలి తన నియమావళి మార్చి, సీట్లలో సగం ఆ సంఘం సూచించినవాళ్లకు ఇవ్వడానికి ఒప్పుకుంది. ఏడాది తిరగలేదు, 2022 మార్చిలో ఆ మాట వెనక్కి తీసుకుంది. వారసులకు సీట్లిస్తాం, కానీ పేర్లు ఆ ఒక్క సంఘమే పంపాలంటే కుదరదన్నది మండలి వాదన. పైకి సబబుగా వినిపిస్తుంది. కానీ ఏ వారసుడు కూర్చోవాలో మళ్లీ పాత మండలే ఎంచుకుంటే, ఆ కుర్చీ ఉండీ లేనట్టే. తమ ప్రతినిధిని తామే పంపుకోవడం, వేరేవాళ్లు ఎంచిన మనిషిని తమ ప్రతినిధిగా ఒప్పుకోవడం ఒకటి కావు. మన పంచాయతీల్లో రిజర్వుడు సీటు చుట్టూ జరిగే రాజకీయం చూసినవాళ్లకు ఈ తేడా వివరించాల్సిన పని లేదు.

ఉద్యోగులు చాలామంది వారసుల పక్షాన నిలబడ్డారు. ఏప్రిల్‌లో ప్రధాన క్యూరేటర్ ఎలిజబెత్ చ్యూను, పురావస్తు విభాగాధిపతి మాట్ రీవ్స్‌ను, మరికొందరిని యాజమాన్యం తొలగించింది. ఎస్టేటు సొంతదారైన జాతీయ చారిత్రక పరిరక్షణ సంస్థ ఆ నిర్ణయాలను బహిరంగంగా తప్పుపట్టింది. వేలమంది నిరసన పత్రం మీద సంతకాలు చేశారు. ఆ ఒత్తిడి ఫలితమే మే 16 నాటి ఎన్నిక. కొన్నాళ్లకే చ్యూ తాత్కాలిక అధ్యక్షురాలిగా తిరిగి వచ్చారు. రీవ్స్ కూడా తిరిగి పనిలో చేరారు.

అందరూ ఇదే దారి పట్టలేదు. అక్కడికి దగ్గర్లోనే ఉన్న మాంటిచెల్లో మరో అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ ఇల్లు. జీవితకాలంలో ఆయన 607 మందిని బానిసలుగా ఉంచుకున్నాడు. అక్కడ 1993 నుంచి వారసుల కథలను వాళ్ల నోటనే రికార్డు చేసి భద్రపరుస్తున్నారు. లూసియానాలోని విట్నీ ప్లాంటేషన్ 2014లో తెరిచినప్పటి నుంచీ బానిసల కథనే ప్రధానంగా చెబుతోంది. బంగళా అక్కడ దారిలో వచ్చే మజిలీ మాత్రమే. మంచి ప్రదర్శన, మంచి గైడు దొరికితే సందర్శకుడికి సరిపోవచ్చు. కానీ ప్రదర్శన కొత్త డైరెక్టర్ వస్తే మారిపోతుంది, గైడు ఉద్యోగం మానేస్తే కథ ఆగిపోతుంది. 2025 మార్చిలో అమెరికా అధ్యక్షుడు సమాఖ్య ప్రభుత్వ మ్యూజియంలలో చరిత్రను ఎలా చెప్పాలో నిర్దేశిస్తూ ఉత్తర్వు ఇచ్చాక ఈ భయం ఇంకా పెరిగింది. నియమావళిలో రాసుకున్న సీటును కూడా తీసేయవచ్చు, మాంట్‌పెలియర్ అది చూసింది. అయితే అది చేయాలంటే తీర్మానం పెట్టాలి, ఓటు వేయాలి, నలుగురికీ తెలియాలి. గోడ మీది బొమ్మను మార్చడానికి అవేవీ అక్కర్లేదు.

వర్జీనియా, మేరీలాండ్‌లలో చాలామంది తెలుగువాళ్లు ఉంటున్నారు. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలను అధ్యక్షుల ఇళ్లు చూపించడానికి తీసుకెళ్లే వాళ్లూ ఉన్నారు. అలా వెళ్లినప్పుడు బంగళా పర్యటన ఒక్కటే చూసి తిరిగి రాకండి. బానిసల ఇళ్లు, వాళ్ల శ్మశానం, గిల్మోర్ ఇల్లు చూపించే పర్యటన ఉంటే అదీ చూడండి. తిరిగి వచ్చేముందు గైడును ఒక మాట అడగండి: ఇక్కడి పాలకమండలిలో వారసులు ఎంతమంది, వాళ్లను ఎంచిందెవరు?