ఏడంగుళాల మచ్చ

మోడలింగ్‌లో మొదలై టీవీలో స్థిరపడిన వాళ్ల మీద కవర్‌స్టోరీ కావాలన్నారు ఎడిటర్‌గారు. గురువారం సాయంత్రానికల్లా పేజీలు వెళ్లిపోవాలి. రెండ్రోజులు ర్యాంపులు, ఏజెన్సీలు, కాంట్రాక్టుల గురించి చదివా. మంగళవారం రాత్రి, మోడల్‌గా మొదలై అమెరికన్ టీవీ యాంకరైన పద్మా లక్ష్మి కుడిచెయ్యి దగ్గర ఆగిపోయా. ఇక అక్కణ్నుంచి కదల్లేదు.

భుజానికీ మోచేతికీ మధ్య, మన ఆడవాళ్లు వంకీ పెట్టుకునే చోట, నిలువుగా ఏడంగుళాల మచ్చ. 1984 నాటిది. అప్పుడామెకు 14 ఏళ్లు. స్టీవెన్స్ జాన్సన్ సిండ్రోమ్ అనే అరుదైన జబ్బు చేసి, మూడు వారాలు ఆసుపత్రిలో ఉండి అప్పుడే బయటపడింది. పిల్ల గట్టెక్కిందని ఇంట్లోవాళ్లు గుడికి తీసుకెళ్లారు. కాలిఫోర్నియాలో మాలిబు గుడి అది. లాస్ ఏంజెలిస్ తెలుగువాళ్లు ఏడుకొండలవాణ్ని చూసుకోవడానికి వెళ్లేదీ అక్కడికే. తిరిగొస్తుంటే కారు రోడ్డు మీంచి ఎగిరి 40 అడుగుల కింద పడింది. పద్మ తుంటి ఎముక విరిగింది, కుడిచెయ్యి నుజ్జయింది. చెయ్యి నిలబడింది కానీ ఆపరేషన్ గుర్తు మిగిలిపోయింది.

మొక్కు తీర్చుకుని వస్తుంటే ఇలాగా అని మనకైతే అనిపిస్తుంది. ఆ చేత్తోనే ఆమె మోడలైంది. మసాచుసెట్స్‌లోని క్లార్క్ యూనివర్సిటీలో నాటకరంగం చదువుతూ ఒక సెమిస్టర్ కోసం స్పెయిన్ వెళ్తే, మాడ్రిడ్‌లో ఒక ఏజెంట్ కంట పడింది. పొడుగు, రంగు, కళ్లు అన్నీ నచ్చేవి. చెయ్యి చూశాకే చిక్కంతా. పొడుగు చేతుల జాకెట్లూ మందపాటి మేకప్పూ అలవాటు చేసుకుంది. అలాంటి రోజుల్లో హెల్మట్ న్యూటన్ ఆమెను ఫొటోలు తీశాడు. ఫ్యాషన్ ఫొటోగ్రఫీలో అప్పట్లో ఆయన మాటకు తిరుగుండేది కాదు. ఆయనకు కావాల్సింది ఆ మచ్చే. దాంతో మిగతా ఫొటోగ్రాఫర్లకూ అది అందంగా కనబడింది.

ఇందులో న్యూటన్ పెద్దమనసేమీ ఉందనుకోను. ఆయన ఫొటోల్లో ఆడవాళ్లు చూసేవాణ్ని కాస్త భయపెట్టాలి. మచ్చ ఆ పనికొచ్చింది. మిగతావాళ్లదైతే పెళ్లిచూపుల్లో మేనమామ తలూపగానే అందరూ ఊపడం లాంటిది.

చరిత్ర నాలుగు ముక్కల్లో చెప్పేస్తా. మోడళ్లు టీవీకి రావడం కొత్త కాదు. టైరా బ్యాంక్స్ 2003లో, హైడీ క్లూమ్ 2004లో సొంత రియాలిటీ షోలతో వచ్చారు. మనకు మిలింద్ సోమన్ 1998లోనే దూరదర్శన్‌లో ‘కెప్టెన్ వ్యోమ్’ అయ్యాడు. అయితే టైరా, హైడీ ఫ్యాషన్‌నే టీవీకి తెచ్చారు. పద్మ తెచ్చింది తిండిని.

అదీ బరువు తగ్గబోయి. ఒక సినిమా వేషం కోసం 20 పౌండ్లు పెరిగి, మళ్లీ తగ్గడానికి వండుకున్న వంటలే 1999లో ‘ఈజీ ఎగ్జాటిక్’ పుస్తకమయ్యాయి. అంతకు రెండేళ్ల ముందే ఇటలీ టీవీలో ‘దొమేనికా ఇన్’కు యాంకరింగ్ చేసింది. 2006లో అమెరికా టీవీ వంటల పోటీ ‘టాప్ చెఫ్’ రెండో సీజన్‌కి యాంకర్‌గా వచ్చి, 17 ఏళ్లు అక్కడే ఉండిపోయింది. పోటీదారులు వండిన ప్రతి పళ్లెం రుచి చూడాల్సొచ్చేది. ఒక్కో సీజన్ అయ్యేసరికి 10, 15 పౌండ్లు పెరిగేదాన్నని ఆమే చెప్పింది. అందుకే కాస్ట్యూమ్స్‌వాళ్లు ఆమె బట్టలు రెండు మూడు సైజుల్లో సిద్ధంగా ఉంచేవాళ్లు. సన్నగా ఉండటమే జీతంగా బతికిన మనిషికి తినడమే ఉద్యోగమైంది! ఓడిన వంటవాడితో ‘మీ కత్తులు సర్దుకుని బయల్దేరండి’ అనేటప్పుడు కూడా చాలాసార్లు చేతుల్లేని గౌనే. చెయ్యి కదిలినప్పుడల్లా మచ్చా కదిలేది. నాకామె నచ్చింది అక్కడే.

మా డిజైనర్ కవర్‌కి ఎడమవైపు నుంచి తీసిన ఫొటో ఎంచాడు. పేచీ పెట్టి మార్పించా.

పేజీలో పట్టనివి

• పుట్టింది 1970లో మద్రాసులో. నాలుగేళ్లప్పుడు అమెరికా చేరింది. తల్లి నర్సు.

• హిందీలో ‘బూమ్’ (2003) చేసింది. కత్రినా కైఫ్ తొలి సినిమా కూడా అదే.

• ఏళ్ల తరబడి ఎండోమెట్రియోసిస్‌తో బాధపడింది. 2009లో ఓ వైద్యుడితో కలిసి దానికోసం ఫౌండేషన్ పెట్టింది.

• 2020లో మొదలైన ‘టేస్ట్ ద నేషన్’లో అమెరికాకు వలసొచ్చినవాళ్ల వంటిళ్లు చూపించింది.

• 2023లో, 20వ సీజన్‌తో ‘టాప్ చెఫ్’ వదిలేసింది. ఆ కుర్చీ పదో సీజన్ విజేత క్రిస్టెన్ కిష్‌కి దక్కింది. హైస్కూల్ రోజుల్లో ఆవిడా మోడలే.