కాకిబంగారము

నూయి త్రవ్వునపుడో, వాగుటిసుకలోనో తళతళలాడు రేకులు కనబడినంతనే తమ చేనిలో నిధి బయల్పడినదని తలచువారు పలనాటిలో లేకపోలేదు. పరీక్షల పేర, పట్టాల పేర వారియొద్ద రొక్కము గుంజజూచు దళారులకు ఇంతకంటె మంచి అదను దొరకదు. కావున ఆ రేకును గూర్చి నాలుగు మాటలు వ్రాయదలచితిమి.

అది అభ్రకము. మన పెద్దలు దానిని కాకిబంగార మనిరి. పేరు పెట్టినవారు గడుసువారే! విరివిగ దొరకు తెల్ల అభ్రకమునకు మస్కొవైటని శాస్త్రనామము. పూర్వము రష్యాలో, అనగా మస్కొవీ దేశమున, దీని పలకలను కిటికీలకు గాజునకు మారుగ అమర్చెడివారు. ఇది గోటికి గీతపడునంత మెత్తనిది. కాగితముకంటె పలుచని పొరలుగా చీలును. వంచి విడిచినచో మరల చక్కబడును. వెలుతురును పోనిచ్చును గాని విద్యుత్తును పోనీయదు. సుమారు 500 డిగ్రీల వేడికిని చెడదు. ఇన్ని గుణము లొక్కచోట గల వస్తువు అరుదు. కావుననే ఇస్త్రీపెట్టెలోని తీగకు ఆధారముగను, రేడియోలలోని కండెన్సర్లకును దీనిని వాడిరి. రెండవ ప్రపంచయుద్ధమున మిత్రరాజ్యములు భారతదేశపు అభ్రకమునకై అర్రులుచాచినవి. పొడిచేసినచో రంగులలోను, బుక్కాలోను పడును. ఆయుర్వేదము భస్మమునకు శ్రేష్ఠమని చెప్పు వజ్రాభ్రకము నల్లనిది, అది వేరు.

పలక యెంత పెద్దదై, మరకలు లేనిదైన అంత వెల. అట్టి పలక పెరుగుటకు పెగ్మటైటను ముతకరాతి సిరలు కావలెను. అవి నెల్లూరు సీమలో గూడూరు, సైదాపురము, రాపూరు ప్రాంతములం దున్నవి. మాచర్ల, గురజాల, పిడుగురాళ్ల ప్రాంతముల నేల సున్నపురాయి. ఆ సీమకు సున్నపుబట్టీలును, సిమెంటును అందుచేతనే వచ్చినవి. అందు అభ్రకపు పలకల నాశించుట వ్యర్థము. నరసరావుపేట వైపు నైసురాతి నేలలలో రేకులు కనబడును గాని గోరంత, గింజంత. పొడికి పనికివచ్చు ముక్కలకును వెల కలదు. అయితే అవి బండ్లకొలది కావలెను.

మరియొక సంగతి. 2015లో కేంద్రప్రభుత్వము అభ్రకమును చిన్నఖనిజములలో చేర్చి, 2025 ఫిబ్రవరిలో మరల ప్రధానఖనిజములలో చేర్చినది. ఆ పెగ్మటైటు సిరలలోనే లిథియము మొదలగు అరుదైన లోహములు దొరకవచ్చుననుట ఇందుకు కారణము. చిన్నదైనను పెద్దదైనను, పట్టాభూమిలో సైతము లీజు లేనిదే ఖనిజమును త్రవ్వి అమ్మరాదు. దళారులు ఈ మాట చెప్పరు.

అరచేతి వెడల్పు పలక యున్నదా లేదా యని చాకుమొనతో చీల్చి చూచుకొనుట ఇంటిపట్టుననే చేసికొనదగిన పని. దానికి ఎవరికిని రుసుము చెల్లింప నక్కరలేదు.