జపాను బొమ్మలకథలలో మల్లరంగము



హైదరాబాదునకు పడమట మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి అను ఊళ్ళ నడుమ ఒకప్పుడు గుట్టలును బండలును మాత్రమే యుండెడివి. 1998 నవంబరులో మాదాపూరునందు సైబర్ టవర్స్ అను భవనము తెరువబడినది మొదలు ఆ బండలమీద హైటెక్ సిటీ పెరిగెను. నేడు మన పల్లెల బిడ్డలెందరో ఆ మేడలలో కొలువు చేయుచున్నారు. వారిని చూడబోయి పది దినములుండి వచ్చిన తాతగారు అరుగుమీద కూర్చుండి చెప్పు మాట యొకటి మీరును వినియుందురు. “కొడుకును కోడలును ప్రొద్దుననగా పోయి ప్రొద్దుక్రుంకిన పిమ్మట వత్తురు. మనుమడు బడినుండి వచ్చి తెరముందు కూర్చుండును. ఆ తెరమీద నిక్కబొడుచుకొన్న జుట్టుగల పిల్లవాడొకడు మరియొకనిని గ్రుద్దుచుండును. నిన్నను గ్రుద్దెను, నేడును గ్రుద్దుచున్నాడు. ఆ గ్రుద్దు ఇంకను తగులలేదు!”

ఈ మాటలో నవ్వుతోపాటు కొంత నొప్పియు కలదు. మనుమనితో పలుకరింపునకు తాతకు త్రోవ దొరకకున్నది. ఆ తెరమీది పోరు ఎవ్వరిదో, ఎందులకో తెలిసినచో ఆ త్రోవ కొంత తెరపిపడునని తలచి ఈ ప్రసంగమునకు పూనుకొంటిని.

జపానువారు బొమ్మలతో నిర్మించు చలనచిత్రములకు అనిమే యని పేరు. వానిలో లోకమంతట ప్రాకినది ‘డ్రాగన్ బాల్’. తొరియామా అకిరా అను చిత్రకారుడు 1984లో ఒక వారపత్రికయందు దీనిని బొమ్మలకథగా ఆరంభించెను. 1986 నుండి ఇది టెలివిజనులో చిత్రముగా వెలువడెను. ఆయన 2024 మార్చి 1వ తేదీన కాలధర్మము నొందెను. కథానాయకుడు గోకు అను బాలుడు. వానికి కోతివలె తోక యుండును. వాని పేరు చీనావారి పాతకథలోని కపివీరుని పేరే. జపానువారు పలుకు తీరు మాత్రము వేరు. ఆ కపివీరుడు తోడుపోయిన యాత్రికుడు మరెవ్వరో కాదు, హ్యూయన్‌త్సాంగు. 7వ శతాబ్దమున మన ధాన్యకటకమునకు వచ్చి విహారములను దర్శించిన మహనీయుడాతడే. కావున తెరమీది పిల్లవాడు మనకు బొత్తిగా పరాయివాడు కాడు.

ఈ కథలో ‘తెన్కైచి బుడోకాయ్’ అను పోటీ యొకటి వచ్చును. ఆకాశము క్రింద మొనగాడెవ్వడో తేల్చు సభ యని దాని యర్థము. మన గోదా మట్టితో నుండును; వారిది రాతిపలకల అరుగు. అరుగు దాటి నేలను తాకినవాడు ఓడినట్లు. పడినవాడు పది లెక్కించులోపల లేవకున్నను, ఓటమి నొప్పుకొన్నను ఓడినట్లే. ఆయుధము పట్టరాదు, ప్రాణము తీయరాదు. వీరఘట్టపు కోడి రామమూర్తినాయుడు గారి బలమునుగూర్చి తండ్రులనోట వినిన మీకు ఇంతకంటె వివరింపనక్కరలేదు.

పోటీకి ముందు గోకును, క్రిల్లిన్ అను వాని తోటి శిష్యుడును ఎనిమిది నెలలు గురుకులవాసము చేయుదురు. గురువు తాబేటిచిప్పను వీపున మోయు ముసలివాడు. మాటలలోను చేష్టలలోను కొంటెవాడే. అతడు శిష్యులకు మొదట పట్లు నేర్పడు. తెల్లవారకమునుపే ఇంటింటికి పాలు పోయించును. ఒట్టి చేతులతో పొలము దున్నించును. వీపున 20 కిలోల చిప్పను కట్టి ఈ పనులన్నియు చేయించి, పిదప దానిని 40 కిలోలు చేయును. తుదకు చిప్ప విప్పినప్పుడు పిల్లలిద్దరును పక్షులవలె పైకెగురుదురు. కాడి మోసి బలిసిన భుజములు ఎట్టివో ఎరిగినవారికి ఈ పాఠములోని నిజము వెంటనే తోచును.

ఇక పోటీ. అందరును వట్టి పేరుకొరకే రారు. నాము అనువాడొకడున్నాడు. తలపాగా చుట్టి, నుదుట బొట్టు పెట్టి, మన దేశపువానివలె చిత్రింపబడినవాడు. వాని ఊరిలో వానలు లేవు, నీరు లేదు. గెలిచినవానికి 5,00,000 జెనీల బహుమతి కలదు. జెనీ యనగా ఆ కథాలోకపు నాణెము. ఆ సొమ్ముతో ఊరికి నీరు కొని తీసికొనిపోవలెనని వాడు వచ్చినాడు. గోకునకు అట్టి చింత యేదియులేదు. తన బలమెంతో తెలిసికొనుటయే వాని వేడుక. ఆకలిలేనివాడును ఊరి దప్పికను మోయుచున్నవాడును ఎదురుపడుదురు. చూచువారి మనస్సు ఎటు మొగ్గవలెను? కథకుని నేర్పు ఇచ్చటనే యున్నదని నా యభిప్రాయము. నాము ఓడును. బహుమతి చేజారినది, ఊరికి ఏ ముఖముతో పోవలెనని కుములుచుండగా ఒక వృద్ధ మల్లుడు వాని మనస్సు కనిపెట్టి పిలుచును. ఈ పట్టణపు బావిలో నీటికి వెల లేదు, తోడుకొనవచ్చునని చెప్పి, నీరు నింపుకొని పోవుటకు గుప్పెటిలో నిముడు మాయగుళిక నొకదాని నిచ్చును. నీటికి వెల యుండదనుమాట నామునకు అంతవరకు తెలియదు!

ఈ ఘట్టము హైటెక్ సిటీ పిల్లలకు వింతగా నుండదు. కృష్ణానదినుండి 2004లోను, గోదావరినుండి 2015లోను నీరు హైదరాబాదునకు వచ్చినది. ఐనను 2024 వేసవిలో నగరపు పడమటి మేడలకు నీటిబండ్లు రేయింబవళ్ళు తిరిగినవి. బండి రాని నాడు స్నానము లేదని ఆ పిల్లలెరుగుదురు. ఊరి బావి ఎండుట ఎట్లుండునో వారి తాతలెరుగుదురు.

ఆ వృద్ధ మల్లుడెవ్వడు? జాకీ చున్ అను మారుపేరుతో, మారువేషముతో వచ్చిన గురువే. ఇంత చిన్న వయసున శిష్యుడు గెలిచినచో నన్ను మించినవాడు లేడనుకొని సాధన మానునని తలచి, వానికి అడ్డునిలుచుటకు తానే గోదాలోనికి దిగినాడు. విరాటుని కొలువున వలలుడను వంటవానివేషముతో నుండి జీమూతుడను మల్లుని కూల్చిన భీముని కథ మీకు స్ఫురించుచుండవచ్చును. భీముడు తనవారిని కాపాడుకొనుటకు వేషము దాల్చెను, ఈ గురువు శిష్యుని కాపాడుటకు దాల్చెను. తుదిపోరులో గోకు పున్నమిచంద్రుని చూచి పెనుకోతి యగుటయు, గురువు చంద్రునే పేల్చివేయుటయు కలవు. ఇట్టిచోట్ల కథకుని పిల్లతనమును మన్నించి ముందునకు సాగవలెను. చివర ఇద్దరును ఒక్కసారిగా ఎగిరి తన్నుకొని కూలుదురు. పది లెక్కించినను ఎవ్వడును లేవడు. ముందుగా లేచి నవ్వుచు “నేనే గెలిచితిని” అనినవాడే విజేత యని తీర్పరి చెప్పును. గురువు లేచును. పిల్లవాని కాలు పొట్టిది, గురువు కాలు కొంచెము పొడవు, అంతే భేదము. మూడేండ్ల తరువాతి పోటీలోను గోకు తుదిమెట్టుననే ఓడును. వాడు గెలుచుట మూడవ పోటీలోనే.

ఇక గ్రుద్దు ఎందులకు ముగియదను తాతగారి ఫిర్యాదు. అది న్యాయమైనదే. చలనచిత్రమున సెకనునకు 24 చిత్రములు కనులముందు జరుగును. 22 నిమిషముల భాగమునకు 31,680 చిత్రములు. అన్నియు చేతితో గీయుట వారము వారము సాగు పని కాదు. 1963 జనవరి 1న టెజుకా ఒసాము తన బొమ్మలకథను టెలివిజనులో ఆరంభించినప్పుడు, ఒక్కొక్క బొమ్మను మూడు చిత్రముల కాలము నిలుపు పద్ధతి ప్రబలెను. అప్పుడు సెకనునకు ఎనిమిది బొమ్మలు చాలును. అదియు తగ్గించుటకు, ఎత్తిన పిడికిలిని అట్లే నిలిపి వెనుక గీతలను పరుగెత్తింతురు. చూపరుల ముఖములు చూపుదురు. మల్లుని బాల్యము జ్ఞప్తికి తెత్తురు. తోలుబొమ్మలాటలో బొమ్మ చేయి మాత్రమే కదలుచుండగా కథకుడు రాగముతో కాలము గడపుట మనమెరుగనిదా? మరియు పత్రికలోని కథ ముందు నడచుచుండగా తెర దానిని దాటిపోరాదు. ముందటి పుటలు వెలువడువరకు మల్లులు ఒకరినొకరు చూచుకొనుచు నిలువవలసినదే.

ఈ విద్య హైదరాబాదునందును నెలకొన్నది. 2001లో రాజీవ్ చిలకా ఇచ్చట గ్రీన్ గోల్డ్ అను బొమ్మలచిత్రముల సంస్థను స్థాపించెను. 2008లో టెలివిజనునకు వచ్చిన వారి ‘ఛోటా భీమ్’ ఢోలక్‌పూరు అను ఊరి బాలుని కథ. లడ్డు తినినచో వానికి బలము వచ్చును. 2019 మే 10న విడుదలయైన వారి చిత్రములో ఆ భీముడు మిత్రులతో చీనాకు పోయి కుంగ్‌ఫూ పోటీయందు పాల్గొనును. హైటెక్ సిటీ చెంతనున్న హైటెక్స్ ప్రాంగణమున పలుమార్లు జరిగిన కామిక్ కాన్ అను జాతరలో, మేడలలో పనిచేయు యువకులు జపాను వీరుల వేషములు వేసికొని తిరుగుదురు. మన పగటివేషములవారు చూచినచో తమవారే యనుకొందురు. 2025 సెప్టెంబరు 12న ‘డీమన్ స్లేయర్’ అను జపాను ఖడ్గవీరుల చిత్రము తెలుగు మాటలతోను మన దేశమున విడుదలయ్యెను.

నేను చెప్పిన మొదటి పోటీ ‘డ్రాగన్ బాల్’ తొలి వరుసలో 19వ భాగమునుండి 28వ భాగమువరకు నడచును. తాతగారు ఈమారు నగరమునకు పోయినప్పుడు ఆ భాగములనే పెట్టించుకొని, తలపాగావాడు అరుగెక్కగానే వీడెందులకు వచ్చినాడని మనుమని నడుగవచ్చును. వాడు తెర ఆపి నాము ఊరి సంగతి చెప్పును. పిమ్మట, మన ఊరి బావి ఎంత లోతని అడిగినను అడుగవచ్చును.